వినే చెవి, బదిలీ చేసే చెయ్యి
పాస్టర్ల క్షేమం, సంఘస్థుల క్షేమం: చర్చ ఎంతదాకా వచ్చింది

తెలుగు సంఘాల్లో పాస్టరుగారికి జబ్బు చేస్తే ప్రత్యేక ప్రార్థన పెడతారు. అప్పులపాలైతే నలుగురూ కలిసి చందా పోగుచేస్తారు. ఆయన లోలోపల కుంగిపోతుంటే ఏం చేయాలో మాత్రం ఎవరికీ తోచదు. కొంతకాలంగా ఈ విషయం మీద పాస్టర్ల సదస్సుల్లో, వేదాంత కళాశాలల్లో, సంఘ పత్రికల్లో మాట వినిపిస్తోంది. మంచిదే. కానీ మాట పెరిగేకొద్దీ చిక్కులు పడింది. ఒకరు ప్రార్థన తగ్గిందంటారు, ఒకరు జీతం చాలడం లేదంటారు, మరొకరు కౌన్సెలింగ్ కావాలంటారు. ఒకరు చెప్పేది మరొకరి చెవికెక్కదు. పైగా పాస్టర్ల క్షేమం గురించి మాట్లాడేవారు సంఘస్థుల క్షేమాన్ని వేరే రోజుకు వాయిదా వేస్తారు. సంఘస్థులకు జరిగే అన్యాయం గురించి మాట్లాడేవారు పాస్టరును ముద్దాయిగానే చూస్తారు. ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు ఫైళ్లలోనూ లోపించిన కాగితం ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఆ కాగితం ఏదో చెప్పే ముందు ఇక్కడిదాకా ఎలా వచ్చామో చూడాలి.

పిడికెడు బియ్యం నుంచి పాస్టరేటు దాకా

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ధాత కరువు ఇంకా కళ్లముందే ఉంది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో ఉండేవాడు. బాప్తిస్టు చరిత్రకారులు ఆ రోజును అద్భుతంగా రాసుకున్నారు. కాపరి పని వైపు నుంచి చూస్తే అదే రోజున ఒక సమస్య కూడా పుట్టింది: ఇంతమంది పేర్లు, రోగాలు, తగాదాలు, చావులు ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఆ భారం ఊరూరా తిరిగే బోధకుల మీద పడింది. వాళ్లలో చాలామందికి చదువు అంతంతమాత్రం, సంపాదన అంతకన్నా తక్కువ. ఒక మనిషికి ఎన్ని కుటుంబాలు అన్న లెక్క తెలుగు సంఘంలో మొదటి నుంచీ కుదరలేదు.

దోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య ఈ లెక్కకు ఒక దారి చూపాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, పల్లె సంఘమే తన కాపరిని పోషించుకోవాలని పట్టుబట్టాడు. ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. వారానికోసారి ఆ బియ్యం గుడికి చేరేది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇళ్లలో ఆ పిడికెడు చిన్నదేమీ కాదు. కాపరినీ కుటుంబాన్నీ అన్నం కుండ దగ్గరే కలిపిన ఏర్పాటు అది. అందులో ఒక ముడి కూడా ఉంది. పెట్టే చెయ్యి ఆపగలదు. పెద్దకాపు ఇంట్లో జరిగే అన్యాయం గురించి ఆదివారం నోరు విప్పిన బోధకుడికి ఆ వారం కుండ వెలితిగా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది.

ఆ తర్వాతి అధ్యాయం సంస్థలది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం, 1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం ఏర్పడ్డాయి. జీతం, పెన్షన్, బదిలీ ఆఫీసు చేతికి వచ్చాయి. పాస్టరు ఊరి దయ నుంచి బయటపడి ఆఫీసు దయలోకి వెళ్లాడు. మరో పక్క హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా భక్త్ సింగ్ నడిపిన సహవాసాల్లో సేవకులకు నెల జీతమే లేదు. దేవుడు పంపినదానితో బతకాలన్నది అక్కడి నియమం. ఆ తర్వాత లెక్కకు మించి పుట్టిన స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి రేకుల షెడ్డూ స్థలం పట్టా పాస్టరుగారి పేరిటే ఉంటాయి. ఆయనకు పైన ఎవరూ లేరు, పక్కనా ఎవరూ లేరు. ఊరు, ఆఫీసు, తాను అనే మూడు ఆధారాలు మూడు రకాల ఒంటరితనాన్ని తెచ్చాయి. వీటిని ఒకే గాటన కట్టి "పాస్టర్ల ఒత్తిడి" అని మాట్లాడటం దగ్గరే ఇవాళ్టి చర్చ గజిబిజి అవుతోంది.

మోకాళ్ల మీదే మందు అనేవారు

అన్నిటికన్నా పాత వాదం ఇది, ఇవాళ్టికీ ఎక్కువగా వినిపించేదీ ఇదే. సేవకుడు అలసిపోయాడంటే అతని ప్రార్థన సన్నగిల్లిందని అర్థం, ఉపవాసంతో, ఏకాంతంతో, వాక్య ధ్యానంతో బలం తిరిగి వస్తుంది. దీన్ని పాతకాలపు మాటగా కొట్టిపారేయలేం. 590 ప్రాంతంలో పోప్ గ్రెగొరీ కాపరుల కోసం రాసిన పుస్తకం నుంచి 1656లో రిచర్డ్ బాక్స్‌టర్ రాసిన పుస్తకం దాకా, ఇతరుల ఆత్మలను కాచేవాడు ముందు తన ఆత్మను కాచుకోవాలన్న పట్టుదల ఒకటే. ఈ వాదానికి కొలతల మద్దతు కూడా కొంత ఉంది. బ్రిటన్ పరిశోధకుడు లెస్లీ ఫ్రాన్సిస్ మతసేవకుల అలసటను కొలిచేటప్పుడు అలసటనూ సేవలో దొరికే తృప్తినీ వేర్వేరుగా కొలిచాడు. ఎంత అలిసినా, చేస్తున్న పనిలో అర్థం ఉందనుకునేవారిని ఆ తృప్తి కొంత ఆదుకుంటుందని ఆయన వాదన. పిలుపు మీద నమ్మకం నిజంగానే మనిషిని నిలబెడుతుంది.

అయితే ఈ వాదం ఆధారపడిన గ్రంథంలోనే ఇంకో మాట ఉంది. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా కొద్ది రోజులకే బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. అప్పుడు దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చింది, పడుకోనిచ్చింది. మళ్లీ లేపి మళ్లీ పెట్టింది. ప్రయాణం, దర్శనం, కొత్త పని అన్నీ ఆ తర్వాతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తున్న మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా కూడా ఎక్కువ ప్రార్థించమని కాదు, పని పంచమని. ఆ రెండు కథల మీద ఏటా ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. పాస్టరుగారి వారపు పనికి వాటిని అన్వయించే ప్రసంగం మాత్రం అరుదు. ఈ వాదంలోని అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కుంగుబాటును విశ్వాస లోపానికి గుర్తుగా చూసే చోట, కుంగిన కాపరి చేసే మొదటి పని దాన్ని దాచుకోవడం. మందు ఏదైనా కావచ్చు, రోగం బయటపెట్టే వీలే ముందు పోతుంది.

ముందు కడుపు సంగతి చూడండి అనేవారు

రెండో వాదం నేల మీది నుంచి వస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బండి పెట్రోలు, మొదటి తారీఖుకు జీతం పడుతుందో లేదో తెలియని స్థితి, అరవై దాటాక ఖాళీ చేయాల్సిన పార్సనేజి. వీటి మధ్య మనశ్శాంతి గురించి సెమినార్లు పెట్టడం ఎగతాళిలా ఉంటుందని వీళ్లంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయం రాజకీయాల్లోకీ వచ్చింది. 2020లో కోవిడ్ వేళ అప్పటి ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు తలా 5,000 రూపాయల సాయం ఒకసారి ఇచ్చింది. తర్వాత పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పెట్టింది. ప్రజల పన్నులతో ఒక మతం సేవకుల్ని పోషించవచ్చా అని బయట అభ్యంతరం వచ్చింది. సర్కారు సొమ్ము తీసుకున్నవాడు సర్కారును ప్రశ్నించగలడా అన్న అభ్యంతరం సంఘం లోపల నుంచే వచ్చింది. రెండోది పాత ప్రశ్నే. పిడికెడు బియ్యం స్థానంలో బ్యాంకు ఖాతా వచ్చింది, అంతే.

డబ్బు మాటకు అంటుకుని ఉన్నా, మామూలుగా దానితో కలిపి చూడనిది కులధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు మన దగ్గర బీసీ-సీ. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉంటున్న వ్యక్తి పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేస్తూ, క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ హోదా, ఆ చట్టం ఇచ్చే రక్షణ వర్తించవని చెప్పింది. తీర్పు న్యాయాన్యాయాలు వేరే చర్చ. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు దాని ఫలితం ఇది: ఊళ్లో తన్ను కులం పేరుతో తిట్టినవాడి మీద ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలో పాస్టరుకు సందేహం. పిల్లల చదువు కోసం పాత సర్టిఫికెట్ అట్టే పెట్టుకున్న ఇంట్లో, ఎప్పుడు ఎవరు పిటిషన్ పెడతారోనన్న భయం. రికార్డులో ఒక మతం, ప్రసంగ వేదిక మీద ఒక మతంగా రెండు కాగితాల మధ్య బతికే మనిషి గుండె దడను ఏ విదేశీ ప్రశ్నావళీ అడగదు.

ఈ వాదంలో ఇంకో ఖాళీ పాస్టరమ్మగారు. స్త్రీల సమాజం, సండే స్కూలు, వచ్చినవారికి వంట, పురిటిళ్లకు పరామర్శ. జీతం ఒకరికి, పని ఇద్దరికి. కడుపు మాట ఎత్తేవారు కూడా ఆమె పేరును జీతాల పట్టికలో ఎక్కడ రాయాలో చెప్పరు.

కొలతలు చెప్పేది, చెప్పనిది

మూడో వాదం వైద్య, మనస్తత్వ శాస్త్రాలది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ రాసిన వ్యాసంతో బర్నౌట్ అనే మాట శాస్త్రంలోకి వచ్చింది. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి కొలబద్ద తయారుచేశారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా కాకుండా పనిచోటు నుంచి పుట్టే పరిస్థితిగా నమోదు చేసింది. ఆ తేడా చిన్నది కాదు. సమస్యకు మూలం మనిషిలోనే కాదు, పనిలో కూడా వెతకమని అది చెబుతోంది.

పాస్టర్ల మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ శ్రద్ధగా జరిగినవాటిలో ఒకటి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానిది. నార్త్ కరోలినా రాష్ట్రంలోని యునైటెడ్ మెథడిస్టు పాస్టర్ల మీద 2007లో మొదలుపెట్టారు. ఫోను మీద అడిగితే 8.7 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. దేశ సగటు 5.5 శాతం. అదే ప్రశ్నలకు కంప్యూటర్లో తామే జవాబు రాసుకున్నవారిలో అది 11 శాతం దాటింది. మరో మనిషి గొంతు వింటూ చెప్పినప్పటికన్నా ఒంటరిగా రాసినప్పుడే ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఈ చిన్న తేడాను నేను పెద్ద సాక్ష్యంగా చూస్తాను. ఆ బృందమే తర్వాత ఆహారం, వ్యాయామం, ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు, వ్యక్తిగత సలహాదారు అన్నీ కలిపి రెండేళ్ల కార్యక్రమం నడిపింది. నడుము చుట్టుకొలత, రక్తపోటు వంటివాటిలో మేలు కనిపించింది. కుంగుబాటు మాత్రం తగ్గలేదు. జీతం, బీమా, పెన్షన్ ఉన్నవారి సంగతి ఇది. అంటే కడుపు నిండినంత మాత్రాన, నడక అలవాటైనంత మాత్రాన మనసు కుదుటపడదు.

కొలతలతో మరో చిక్కు వాటిని వాడే తీరు. అమెరికాలో నెలకు 1,500 మంది పాస్టర్లు సేవ వదిలేస్తున్నారన్న అంకె తెలుగు సెమినార్లలో కూడా వినిపిస్తుంది. దాని మూలం ఎక్కడో ఎవరూ చూపలేకపోయారు. బార్నా సంస్థ 2022 మార్చిలో అడిగినప్పుడు 42 శాతం ప్రొటెస్టెంటు పాస్టర్లు గడిచిన ఏడాదిలో సేవ మానేయాలని ఆలోచించామన్నారు. లైఫ్‌వే సంస్థ లెక్క ప్రకారం నిజంగా మానేస్తున్నవారు ఏడాదికి ఒకటి ఒకటిన్నర శాతం. రెండూ కలిపి చదివితేనే అసలు బొమ్మ కనిపిస్తుంది. పోవాలనుకునేవారు చాలామంది, పోగలిగేవారు కొద్దిమంది. మన దగ్గర పోవడమంటే ఇల్లు, ఊరు, పేరు వెనక ఉన్న "అయ్యగారు" అన్న పిలుపు అన్నీ ఒకేసారి వదులుకోవడం. వెళ్లిపోయినవారిని లెక్కపెట్టడం సులువు. వెళ్లలేక ఉండిపోయినవారు మిగతా అందరితోపాటు ఆదివారం బల్ల దగ్గర నిలబడతారు.

చెవి ఒకరిది, చెయ్యి ఒకరిది

మూడు వాదాలూ అర్ధసత్యాలే. మూడూ మనిషి లోపలా జేబులోనూ చూస్తున్నాయి. అతని చుట్టూ ఉన్న ఏర్పాటును చూసేది నాలుగో వాదం. ఈ వ్యాసం దాని పక్షాన నిలుస్తుంది. ఆ ఏర్పాటులో కూడా జీతం, సెలవుల కన్నా నాకు ముఖ్యంగా కనిపించే ప్రశ్న ఒకటి: తన మాట వినేవాడి చేతిలోనే తన బతుకు ఉంటే మనిషి నిజం చెబుతాడా?

దక్షిణ ఇండియా సంఘంలో, లూథరన్ సంఘంలో బిషప్‌గారు పాస్టర్లకు పాస్టరు. అది నిండైన మాట. అయితే బదిలీల జాబితా మీద సంతకం కూడా ఆయనదే. నాకు నిద్ర పట్టడం లేదు, కూటానికి వెళ్లాలంటే చెయ్యి వణుకుతోంది అని ఆయన దగ్గర చెప్పుకున్న పాస్టరు, రాబోయే మే నెలలో తనకు ఏ పాస్టరేటు వస్తుందో లెక్క వేసుకోకుండా ఉండగలడా? బిషప్ మంచివాడా కాదా అన్నది ఇక్కడ విషయమే కాదు. ఎంత మంచివాడైనా, విన్నది మర్చిపోయి జాబితా రాయలేడు. స్వతంత్ర సంఘంలో ఇది తిరగబడి కనిపిస్తుంది. చెయ్యి లేదు, చెవీ లేదు. పట్టణంలో పాస్టర్స్ ఫెలోషిప్ ఉంటుంది. నెలకోసారి కలుస్తారు, ప్రార్థిస్తారు, భోంచేస్తారు. అక్కడ పక్కన కూర్చున్నవాడి మందిరం తన వీధికి రెండు వీధుల అవతలే. తన బలహీనత అతనికి తెలిస్తే, పండగ నాటికి తన కుర్చీలు కొన్ని అక్కడికి చేరతాయన్న భయం అబద్ధం కాదు.

ఈ విషయం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కథోలిక శ్రీసభ 1983 నాటి శాసన సంహితలో 240వ నియమం ఇలా ఉంది: గురువిద్యాలయంలో ఎవరిని గురుత్వానికి తీసుకోవాలి, ఎవరిని పంపేయాలి అని నిర్ణయించేటప్పుడు ఆ విద్యార్థి ఆధ్యాత్మిక దర్శకుడి అభిప్రాయం, పాపసంకీర్తనం వినే గురువు అభిప్రాయం ఎన్నడూ అడగరాదు. 984వ నియమం ఇంకో అడుగు ముందుకెళ్తుంది. అధికారంలో ఉన్నవాడు పాపసంకీర్తనంలో విన్నదాన్ని పరిపాలనకు ఏ విధంగానూ వాడకూడదు. 985వ నియమం ప్రకారం గురువిద్యాలయం రెక్టరు తన దగ్గర ఉండే విద్యార్థుల పాపసంకీర్తనం, వాళ్లంతట వాళ్లు కోరితే తప్ప, వినకూడదు. విచారణ గురువును బదిలీ చేయాలంటే మేత్రాణులు లిఖితపూర్వకంగా ప్రతిపాదించాలనీ, ఒప్పుకోని గురువు కారణాలు రాసి ఇవ్వవచ్చనీ 1748, 1749 నియమాలు చెబుతాయి. అక్కడ అన్నీ చక్కగా నడుస్తున్నాయని కాదు. అధికారాన్ని అంతగా పోగుచేసుకున్న వ్యవస్థకే వినే చెవిని పాలించే చెయ్యి నుంచి వేరు చేయక తప్పదని శతాబ్దాల అనుభవంలో తెలిసివచ్చింది. మిషనరీల దగ్గర మనం నేర్చుకున్న ప్రొటెస్టెంటు సంప్రదాయం పాపసంకీర్తనం వద్దంటూ దానితో పాటు ఈ కంచెను కూడా పీకేసింది.

ఇంగ్లండ్ సంఘం ఇటీవలి దారి గమనించదగ్గది. 2017లో అక్కడ మొదలైన దీర్ఘకాల పరిశోధన మతసేవకుల క్షేమాన్ని ఆత్మీయత, ఆరోగ్యం, బాంధవ్యాలు, డబ్బు, సంఘ నిర్ణయాల్లో పాలు అనే ఐదు పార్శ్వాలుగా చూసింది. 2020 ఫిబ్రవరిలో వాళ్ల జనరల్ సినడ్ ఒక ఒడంబడికను ఆమోదించింది. పాస్టరు, సంఘం, బిషప్ ముగ్గురూ ఒకరి పట్ల ఒకరు ఏం బాధ్యత తీసుకుంటారో దానిలో ప్రశ్నల రూపంలో ఉంది. మంచి పత్రమే, కానీ పాటించకపోతే ఏమవుతుందో దానిలో లేదు. అదే సంఘంలో 2003 నాటి క్రమశిక్షణ చట్టం కింద నెలల తరబడి ఫిర్యాదు విచారణలో నలిగినవారి వ్యథ, ఎన్ని ఒడంబడికలు రాసినా విచారణ పద్ధతి బాగుపడకపోతే క్షేమం మాటగానే మిగులుతుందని చూపించింది.

మైకులో చదివే చీటీ

ఇప్పుడు కుర్చీల వైపు చూద్దాం. ఆదివారం ఆరాధనకు ముందు గుమ్మం దగ్గర ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది. నోటుపుస్తకం చింపిన కాగితం మీద, పిల్లల పెన్సిలుతో, ఒకామె రాస్తుంది: భర్త తాగుడు మానాలి, చేయి చేసుకోకుండా ఉండాలి. పేరు రాయదు, ఊరి పేరు మాత్రం రాస్తుంది. రెండో పాట తర్వాత ఆ చీటీ మైకులో చదువుతారు. ఆ ఊరి నుంచి వచ్చేవి మూడే కుటుంబాలు. సంఘమంతా కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంది, కొందరు తెరిచి చూస్తారు. ప్రార్థించినవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా ఆమె వచ్చే ఆదివారం చీటీ రాయదు. పాస్టరు పరిస్థితికీ ఆమె పరిస్థితికీ తేడా ఎంత? ఆయన మాట బిషప్ ఆఫీసుకు చేరుతుంది, ఆమె మాట మైకుకు చేరుతుంది. ఇద్దరికీ చెప్పుకున్నది చెప్పుకున్న చోటే ఆగే చెవి లేదు. రెండు ఫైళ్లలోనూ లోపించిందని మొదట్లో అన్న కాగితం ఇదే.

పల్లెలో మానసిక బాధకు మొదటి తలుపు పాస్టరుగారిల్లే. నిమ్‌హాన్స్ నడిపిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం రకరకాల మానసిక రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ ఖాళీని ఉపవాస కూటాలు, ఆల్‌నైట్ ప్రార్థనలు నింపుతున్నాయి. నింపడం తప్పు కాదు, మందు మాన్పించడం తప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగుల్లో 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ ఆశ్రమం దర్గా దగ్గర వెలిసింది. పాఠం మాత్రం ప్రార్థనతో నయం చేస్తామనే ప్రతి చోటుకూ వర్తిస్తుంది. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర దువా చేసేవారినీ వైద్యులనూ ఒకే ప్రాంగణంలో కూర్చోబెట్టిన ప్రయత్నం, విశ్వాసానికీ మందుకూ పోటీ పెట్టనక్కరలేదని చూపింది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు. దాన్ని మందిరం నోటీసు బోర్డు మీద రాయడానికి సినడ్ తీర్మానం అవసరం లేదు.

అసలు పరీక్ష ఫిర్యాదు పాస్టరు మీదే వచ్చినప్పుడు ఎదురవుతుంది. పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అభియోగం తీసుకోవద్దని పౌలు తిమోతికి రాసిన నియమాన్ని, అభిషిక్తుల జోలికి పోవద్దన్న కీర్తన వచనాన్ని ఈ సందర్భంలో ముందుకు తెస్తారు. తలుపు వేసి జరిగినదానికి ఇద్దరు సాక్షులు ఎక్కడ నుంచి వస్తారో చెప్పరు. ఆ నియమం తర్వాతి వచనంలోనే తప్పు చేసిన పెద్దను అందరి ఎదుట గద్దించమని ఉన్న సంగతి ఎత్తరు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ స్మైత్ అనే వ్యక్తి దశాబ్దాలపాటు కుర్రాళ్లను హింసించిన సంగతి సంఘ పెద్దలకు తెలిసీ అణిగిపోయిందని 2024 నవంబర్‌లో మేకిన్ నివేదిక బయటపెట్టింది. అయిదు రోజుల్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాడు. చెప్పుకోవాల్సినవారి చుట్టూ ఉన్నవారంతా ఒకే వ్యవస్థకు, ఒకే స్నేహవర్గానికి చెందినవారైతే ఏం జరుగుతుందో ఆ నివేదిక నిండా ఉంది. కాబట్టి పాస్టరును కాపాడటమా, సంఘస్థుల్ని కాపాడటమా అని తక్కెడ పెట్టడం పొరపాటు. పాస్టరు భయం లేకుండా చెప్పుకోగల చెవి ఉన్న చోట సంఘస్థులు చెప్పుకోగల చెవి కూడా నిలుస్తుంది. ఒకటి లేని చోట రెండోదీ ఉండదు.

అభ్యంతరాలు

బిషప్ తండ్రివంటివాడు, తండ్రి నుంచి చెవిని వేరు చేయడం కంపెనీల పద్ధతి అంటారు. ఇంట్లో కూడా పిల్లలు తండ్రికి చెప్పలేనిది మేనమామకు చెబుతారు, దానివల్ల తండ్రి హోదా తగ్గదు. దావీదుకు నిజం చెప్పిన నాతాను సైన్యంలో లేడు, దావీదు సింహాసనం మీద కూర్చోనూ లేదు. చెవి వేరుగా ఉండటం వల్ల బిషప్‌కు ఒక మేలు కూడా ఉంది. విన్నదాన్ని పాలనకు వాడుకున్నాడన్న అపవాదు ఆయన మీద పడదు.

తిండికే లేనప్పుడు చెవి ఎందుకు అన్నది బరువైన అభ్యంతరం. దీన్ని సగం ఒప్పుకోవాలి. డ్యూక్ పాస్టర్ల ఫలితాలను యథాతథంగా పల్నాడుకో ఖమ్మానికో తెచ్చి అతికించలేం. అక్కడ జీతం ఇచ్చేవారున్నారు. ఇక్కడ మూడో తరగతి బోధన ఫీజు దగ్గరే సంసారం ఆగిపోతుంది. కానీ ఈ వాదంలోనూ చెవి అవసరం దాగి ఉంది. జీతం మూడు నెలలుగా పడలేదని గట్టిగా చెప్పే పాస్టరును బదిలీ చేయకుండా ఆపేది ఏమిటి? డబ్బు సమస్యను డబ్బు సమస్యగా బయటపెట్టాలన్నా, చెప్పేవాడికి రక్షణ కావాలి.

ఖర్చు ఎవరు పెడతారు? తెలుగు సంఘాలు ఒక పని ఇప్పటికే కలిసి చేశాయి. లూథరన్, బాప్తిస్టు, దక్షిణ ఇండియా, మెథడిస్టు సంఘాలు వేర్వేరు విద్యాలయాలు నడపడం మాని 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను కలిసి పెట్టుకున్నాయి. ఆ కళాశాల తర్వాత హైదరాబాద్‌కు మారింది. కలిసి పాస్టర్లను తయారు చేయగలిగినవారు కలిసి వాళ్లను వినలేరా? ఒక డయాసిస్ పాస్టరు మాట మరో సంఘం నుంచి వచ్చిన శిక్షణ పొందిన పెద్ద వింటే, బదిలీ జాబితాకూ ఆ మాటకూ మధ్య గోడ దానంతటదే లేస్తుంది. వేలూరులో క్రైస్తవ కౌన్సెలింగ్ కేంద్రం చాలాకాలంగా శిక్షణ ఇస్తోంది. శిక్షణ దూరంగా లేదు. స్వతంత్ర పాస్టర్లకు ఇది కాస్త కష్టం. అయినా పక్క పట్టణంలోని ఫెలోషిప్‌తో ఒప్పందం చేసుకుని తమ ఊరిలో కాకుండా అక్కడివాడితో మాట్లాడుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఇంకా తేలనివి

వినే చెవి రహస్యం ఎంతవరకు కాపాడాలి? పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను అంటుంది. మన సాక్ష్య చట్టం న్యాయవాది రహస్యాన్ని గుర్తించినట్టుగా మతసేవకుడి రహస్యాన్ని గుర్తించలేదు. పాపసంకీర్తనం గోప్యతకు ఇది నేరుగా తగులుతుంది. సంఘాలు దీని మీద తేల్చకుండా నాన్చుతున్నాయి. నా మటుకు నాకు పిల్లల విషయంలో చట్టమే పైన ఉండాలి. ఆ హద్దు ఏమిటో మాట మొదలుపెట్టే ముందే చెప్పి తీరాలి.

స్త్రీల ప్రశ్న సగంలో ఆగింది. దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలను అభిషేకిస్తోంది. 2013లో నంద్యాలకు పుష్పలలిత తొలి మహిళా బిషప్‌గా వచ్చారు. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో అధిక భాగం ఇంకా ఆ దారి పట్టలేదు. స్త్రీలు సంఘంలో ఎవరితో చెప్పుకోవాలన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు పాస్టరమ్మగారే. ఆమె ఎవరితో చెప్పుకోవాలో ఎవరూ అడగలేదు. వలస వెళ్లినవారి ప్రశ్న ఇంకొకటి. కువైట్‌లో శుక్రవారం ఆరాధనలు నడిపే తెలుగు సహవాసాల్లో పాస్టరు కూడా వారమంతా డ్యూటీ చేసే కార్మికుడే. అతనికి డయాసిస్సూ లేదు, ఫెలోషిప్పూ లేదు, ఇకామా అనే నివాస అనుమతి మాత్రం ఉంది.

వచ్చే పాస్టరేట్ కమిటీ సమావేశంలో, బడ్జెట్ కన్నా ముందు, రెండు ప్రశ్నలు అజెండాలో రాయించండి. మన అయ్యగారు మనకూ బిషప్‌గారికీ తెలియకుండా ఎవరితో మాట్లాడుకోవచ్చు? మన ఇంటి ఆడపిల్ల అయ్యగారికి తెలియకుండా ఎవరితో మాట్లాడుకోవచ్చు? జవాబు రాసే చోట "ప్రభువుతో" అని రాసి ముగించకండి. ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాయండి.